మొహమాటం బంద్

ఇంగ్లీష్ నేర్చుకోవడానికి ఐర్లాండ్ వెళ్లిన మా పదహారేళ్ల శ్రావణి అక్కడ ఒక కుటుంబంతో ఉంటోంది. ఈ రోజు మధ్యాహ్నం వీడియో కాల్‌లో చిక్కిపోయి కనిపించింది. ఏమైందని అడిగితే చెప్పింది. ఇంకొంచెం పెట్టనా అని ఆ ఇంటావిడ అడిగితే, మనలాగే మర్యాదకు వద్దనేదట. ఆవిడ మళ్లీ అడగకుండా గిన్నె తీసేసేదట.

"ఇగ మొహమాటం బంద్ అమ్మా. నిన్న అడగంగనే పెట్టుమన్న. రెండుసార్లు పెట్టించుకున్న."

పక్కనే ఉన్న మా అత్తమ్మ నెత్తి కొట్టుకుంది. "ఒక్కసారి అడగంగనే తింటవా? మన ఎల్లారెడ్డి ఊరి ఇజ్జత్ తీసినవ్ గదనే!"

"ఇజ్జత్‌తోని కడుపు నిండుతదా అవ్వా? ఆకలైతే ఆకలైతుందనే చెప్త."

పిల్ల చెడిపోయిందని అత్తమ్మ తేల్చేసింది. ఇదే చెడిపోవడమైతే చెడిపోనీ!

సాయంత్రం అత్తమ్మా నేనూ కామారెడ్డిలో మా ఆడబిడ్డ ఇంటికి వెళ్లాం. "చాయ్ తాగుతవా వదినా?" అని అడిగింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ ఇంట్లో మొదటిసారి, "తాగుత. బిస్కెట్లు గూడ పట్టుకరా" అన్నాను. తల్లీ కూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

చాయ్ మాత్రం మస్తుంది. వద్దు వద్దంటూ మీరెన్ని చాయ్‌లు పోగొట్టుకున్నారో చెప్పండి.