మొదటి పార ఎవరిది

మా బావ సమాధిని తవ్వాలని ఊరు అనుకుంటున్న సంగతి నాకు ఫోనులో చెప్పింది మా అక్కే. గొంతులో ఏడుపు లేదు. "నువ్వొచ్చి కొన్ని దినాలు ఈడుండు" అంది, అంతే. విడపనకల్లు దాటాక బస్సు కిటికీలోంచి చూస్తే, దున్ని వదిలేసిన చేలు ఎర్రగా ఎండుతున్నాయి. విత్తనం వేసే కార్తె దాటిపోతోంది.

బావ పోయిన ఏడు చనిపోయాడు. ఆయనకు చేతుల మీద, మెడ మీద బొల్లి మచ్చలుండేవి. సొంత చేలో పూడ్చడం మా కుటుంబాల ఆనవాయితీ కనుక ఆయననూ వేరుశనగ చేను గట్టు కింద పూడ్చాం. బొల్లి ఉన్నవారిని పూడిస్తే ఆ నేల మీద వాన పడదనీ, వెలికితీసి కాల్చాలనీ ఈ మెట్ట ప్రాంతంలో ఒక నమ్మకం ఉంది. ఉద్యోగ జీవితమంతా మానవశాస్త్రం బోధించిన నేను కణేకల్ వైపు ఊళ్లు తిరిగి దానిని నమోదు చేశాను. సమాజం తన భయానికి ఒక శరీరాన్ని వెతుక్కుంటుందని వ్యాసమూ రాశాను. ఆ వాక్యం తప్పు కాదు. ఆ శరీరం మా బావది అయ్యేసరికి మాత్రం అది ఎందుకూ కొరగాలేదు.

నేను చేరిన మరునాటి ఉదయం బావ చిన్నాన్న కొడుకు మరికొందరు పెద్దమనుషులతో వచ్చి పంచలో కూర్చున్నాడు. అక్క కాఫీ ఇస్తే తాగాడు కూడా. నాకు ఒళ్లు మండింది.

"ఏమీ అనుకోవాకు వదినా. ఊరంతా ఒగటే మాట అంటాండారు. నాదేముండాది?"

"ఆ మచ్చలతోనే మీ అన్న ఇన్నేండ్లు మీ తగాదాలు తీర్చినాడు గదా," అన్నాను. "అప్పుడు పడిన వానలు యాడనుంచి వచ్చినాయప్పా?"

"బతికినోల్ల సంగతి వేరేప్పా. మట్టిలో పెట్టినోల్ల సంగతి వేరే."

తవ్విన ఊళ్లలో కూడా ఆ ఏడు వాన పడలేదనీ, నేనే వెళ్లి అడిగి రాసుకున్నాననీ ఊళ్ల పేర్లతో సహా వరుసగా చెప్పాను. అతను ఓపిగ్గా విన్నాడు.

"ఆడ ఆలస్యం చేసింటారు" అన్నాడు.

వెనక కూర్చున్న ముసలాయన నవ్వాడు. "నువ్వు రాసుకుంటే పుస్తకమైతాది సామీ. మాకు విత్తనం మొలవల్ల గదా."

ఆధారాలు పోగుచేయడమే వృత్తిగా బతికిన మనిషిని ఇంతకన్నా తేలిగ్గా ఎవరూ తీసిపారేయలేరు. పోలీసులకు ఫిర్యాదు చేస్తానని లేచాను. అక్క నా వైపు చూడకుండానే "కూసోప్పా నువ్వు" అని, మరిది వైపు తిరిగింది.

"తవ్వేది ఎవరు?"

"ఊరోల్లు తవ్వుతారు లే వదినా."

"అది గాదు. మొదటి పార అయినోడే ఎయ్యల్ల గదా. నాకు కొడుకులు ల్యారు. దాయాదివి నువ్వే. మీ అన్న తలపక్క నువ్వే మొదలుపెట్టు. నేను ఆడనే కూసోని చూస్తాంటా."

చిన్నప్పుడు అతనిని భుజాన ఎక్కించుకుని చేలకు తిప్పింది మా బావే. అతను ఖాళీ గ్లాసును మళ్లీ పెదవుల దాకా ఎత్తి, దించాడు. వెంట వచ్చినవారిలో ఒకరు చెప్పులు వెతుక్కున్నారు, ఒకరు వీధిలోకి చూశారు. నమ్మేటప్పుడు వాళ్లు ఊరు. పార ఎత్తాల్సి వచ్చేసరికి అక్కడున్నది అతనొక్కడే.

"పోనీ వదినా," అన్నాడు చివరికి, "సమాధి మీద నీళ్లు పోద్దాం. ఇంటికొగ బిందె. కొన్ని ఊర్లల్లో అట్లనే చేస్తారంట, తవ్వే పని ల్యాకుండా."

"పోయండి" అంది అక్క.

వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా ఆగి ఆమె మీద విరుచుకుపడ్డాను. "సరే అంటివేమక్కా? నీళ్లు పోయనిస్తే వాన ఆపింది ఆయనే అని ఒప్పుకున్నట్టు గాదా?"

"నీకు న్యాయం కావల్ల. నాకు ఆయన ఆడనే ఉండల్ల."

"వాన పడకుంటే?"

"మల్లా వస్తారు. మల్లా అడుగుతా, ఎవరు తవ్వుతారని."

సాయంత్రం ఆడవాళ్లు బిందెలు మోసుకొచ్చారు. ట్యాంకరు తెచ్చే నీళ్లు, తాగడానికే చాలనివి. ఒకరి వెనక ఒకరు పోసి, దండం పెట్టి వెళ్లారు. మట్టి తడిసి తలవైపు కుంగింది. అక్క కొంగు దోపుకుని చేతులతో మట్టి ఎగదోసి సరిచేసింది. మరిది గట్టు దిగి రాలేదు.

నేను తిరుగు ప్రయాణం మానుకున్నాను. బళ్లారి వైపు నుంచి రోజూ మబ్బు లేస్తుంది, గాలికి చెదిరిపోతుంది. వాన పడితే, ఆ బిందెల వల్లే పడిందంటారు; ఆ మాట పొరుగూరికి పోతుంది, అక్కడ ఎవరిదో సమాధి చుట్టూ జనం మూగుతారు. పడకపోతే వీళ్లే ఈ పంచలోకి మళ్లీ వస్తారు, ఈసారి మొదటి పార వేసే మనిషిని ఒప్పించి మరీ. ఈ సంగతి అక్కతో అనలేదు. ఆమెకు తెలియదనీ అనుకోను.

ఈ ఉదయం మబ్బు కాస్త కిందికి దిగింది. పడాలనే కోరుకున్నాను. అలా కోరుకున్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది. అయినా ముంగిట్లోంచి కదలలేకపోయాను.