నేను దిద్దిన పేజీ

దిద్దిన పేజీని ఆయన నా ఒళ్లోకి విసిరేసి, "పదకొండేళ్ల నుంచి చేస్తున్నాను సార్. ఒక్క పేజీ ఇస్తే ఇలా చేశారేమిటి?" అన్నారు.

అట్లాంటా ఎయిర్‌పోర్టులో మా ఇద్దరి ఫ్లైట్లూ లేటయ్యాయి. పక్క సీట్లో కూర్చున్న పెద్దాయన అట్లాంటా పక్కనే అల్ఫారెట్టాలో ఉండే రిటైర్డ్ డాక్టరు. పన్నెండో శతాబ్దపు యూదు తత్వవేత్త ఒకాయన రాసిన గ్రంథాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెస్తున్నారు. "ఆయనా డాక్టరేనండీ, పగలంతా పేషెంట్లే," అని నవ్వారు. నేను పత్రికలో పనిచేశానని తెలిసి, "కాస్త తెలుగు చూసిపెట్టండి. కాపీ లేదు, జాగ్రత్త," అంటూ చేత్తో రాసిన పేజీ ఒకటి ఇచ్చారు.

ఉన్నది సూటిగా చెప్పాలన్నది డెస్కులో మాకు నేర్పిన పాఠం. "దేవుడు అజ్ఞాని కాడు, అశక్తుడు కాడు" అని ఉంటే కొట్టేసి, "దేవుడు జ్ఞాని, శక్తిమంతుడు" అని ఎర్ర ఇంకుతో రాశాను. పేజీ అంతా అలాగే దిద్దాను.

"దేవుడు ఏమిటో మనం చెప్పలేం, ఏం కాదో మాత్రమే చెప్పగలం. ఆ తత్వవేత్త ఆర్గ్యుమెంటే అది. మీరు దాన్నే కొట్టేశారు," అన్నారు డాక్టరుగారు.

"ముందే చెప్పాల్సింది కదండీ."

"చదివితే తెలుస్తుందనుకున్నాను."

ఇంతలో ఆయన ఫ్లైట్‌కి బోర్డింగ్ పిలిచారు. పేజీ తీసుకోకుండానే వెళ్లిపోయారు. పేరు అడగనేలేదు నేను. పేజీ మీద 214 అన్న అంకె తప్ప మరేమీ లేదు. ఆయన వాక్యాలను తిరిగి రాసిపెడదామని చాలాసార్లు కూర్చున్నాను. రెండు మాత్రం నా ఇంకు కింద ఇప్పటికీ చదవడానికి రావడం లేదు.