పాట లేని చోటు

మా నాయన పాడిన భజన పాటల క్యాసెట్టును ఈ పొద్దు తిరుపతిలో ఎంపీత్రీ చేయించినాను. పాటలన్నీ కంప్యూటర్లోకి ఎక్కినాక టేపు మిషన్లో చుట్టుకోని ముక్కలైపోయిందంట.

"పాట లేని సోటంతా కోసేసినానన్నా, ఫైలు సిన్నదయింది" అన్నాడు షాపాయన. నేనూ సంతోషపడినాను.

సాయంత్రం పాకాలకొచ్చి నాయనకు వినిపించినాను. కండ్లు మూసుకోని చివరిదాకా విన్నాడు.

"పాట బాగుండాది. మీ అమ్మ మాట యాడ?"

అప్పుడు గుర్తొచ్చింది. క్యాసెట్టులో చివరి పాట అయిపోతానే, వెనక నుంచి అమ్మ "సాల్లే, అన్నం సల్లారిపోతాండాది" అనేది. అమ్మ పోయి ఆరేండ్లు. ఆ గొంతు ఇంక యాడా లేదు. షాపుకు ఫోన్ చేస్తే, కోసిన ముక్కలు అప్పుడే తుడిచేసినానన్నాడు.

ఫైలు మాత్రం శానా చిన్నది. ఎవరికన్నా కావాలంటే చెప్పండి, మెయిల్లో పంపిస్తాను.