తమ్ముడి దొడ్డికాళ్లు

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి చుట్టూ ఖాళీ స్థలాలే ఎక్కువ. బడి నుంచి రాగానే సంచి అవతల పడేసి, తమ్ముణ్ణి చంకనేసుకుని ఆ స్థలాలన్నీ తిరగడమే నా పని. వాడికి నా చంక దిగడం ఇష్టం ఉండేది కాదు. నాకు వాణ్ణి దించడం అంతకన్నా ఇష్టం ఉండేది కాదు.

వాడు గోడ పట్టుకుని నిలబడటం మొదలుపెట్టాక మోకాళ్ల దగ్గర కాళ్లు ఎడంగా, వంపుగా కనిపించాయి. పక్కింటావిడ చూసి, "పోరని కాళ్లు వంకరొస్తున్నయి. గీ పిల్ల ఎప్పుడు చూడు చంకల ఏసుకొని తిరుగుతది, గందుకే" అంది. అంతే, మా నాన్నమ్మ దొడ్డికాళ్లేనని తేల్చేసింది. గుంటూరు నుంచి వచ్చిన మనిషి, ఆవిడ మాటకు ఇంట్లో ఎదురు లేదు. వాణ్ణి ముట్టుకోవద్దంది నన్ను. రోజూ నూనె రాసి నీళ్లు పోశాక, పాత చీర పేలికతో వాడి రెండు కాళ్లూ తిన్నగా చాపి, జతచేసి కట్టేది. వాడు నా వైపు చేతులు చాపి ఏడ్చేవాడు. వాడు జన్మలో సరిగ్గా నడవలేకపోతే కారణం నేనేననుకుని నాకు అన్నం సయించేది కాదు.

చివరికి అమ్మ పట్టుబట్టి తమ్ముణ్ణి దవాఖానకు తీసుకెళ్లింది. నాన్నమ్మా నేనూ వెంట వెళ్లాం. డాక్టరమ్మ ఇక్కడి మనిషే, మీర్‌పేట్ వైపు. వాడి కాళ్లు ఆడించి చూసి, కట్టు సంగతీ చంక సంగతీ విని, నాన్నమ్మ వైపు తిరిగింది.

"పెద్దమ్మా, చిన్నగున్నప్పుడు నిన్ను ఎవరెత్తుకున్నరు?"

"మా అక్కండీ. పొద్దస్తమానం దాని చంకలోనే ఉండేదాన్నట."

"గట్లనా. జర లేచి నిలబడు, నీ కాళ్లు చూస్త."

నాన్నమ్మ కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకుని నిలబడింది. కాళ్లు కొలబద్దలా తిన్నగా ఉన్నాయి. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. డాక్టరమ్మ మాత్రం నవ్వకుండా చెప్పింది. ఈ వయసు పిల్లలకు ఆ వంపు మామూలేనట, పెరిగే కొద్దీ అదే సర్దుకుంటుందట. నూనె మెత్తగా రాస్తే మంచిదే కానీ, కాళ్లు చాపి బిగించి కడితే తుంటి కీలుకు చేటట. చంకలో కాళ్లు ఎడంగా పెట్టి కూర్చోవడం ఆ కీలుకు మంచిదేనట. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి, "నువ్వు మంచిగనే ఎత్తుకున్నవ్ బిడ్డా" అంది.

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. నాన్నమ్మ, అమ్మ చేతుల్లోంచి తమ్ముణ్ణి తీసుకుని, తనే తెచ్చి నా చంకలో పెట్టింది. పక్కింటావిడ గుమ్మం ముందు కావాలనే నెమ్మదిగా, ఊరేగింపు వెళ్తున్నట్టు నడిచాను. ఆ మరుసటి ఏడాదికల్లా వాడి వెంట పరిగెత్తలేక నాకే ఆయాసం వచ్చేది.

ఇప్పుడు ఎల్బీనగర్‌లో మా అపార్టుమెంటు కోడళ్లు ఫోన్లో చూసిందొకటి, అత్తగారు చెప్పిందొకటి పట్టుకుని పసిబిడ్డలతో పెద్దదాన్నని నా దగ్గరికి వస్తారు. డాక్టరుకు చూపించి, ఏది ఎందుకో అడిగి చెయ్యమంటాను. వచ్చినవాళ్ల ఇంట్లో బిడ్డనెత్తుకు తిరిగే చిన్నపిల్ల ఉంటే మాత్రం, దాన్ని పిలిచి నా పక్కన కూర్చోబెట్టుకున్నాకే మాట మొదలుపెడతాను. నేను పక్కనుండగా ఆ పిల్లను ఎవరైనా ఒక్క మాట అంటే ఊరుకోను.