డాక్టరమ్మతో బేరం

మా పాపకు పుట్టుకతోనే గుండెలో రంధ్రం. మూడేళ్లొచ్చినా నాలుగడుగులకే ఆయాసపడేది. ఆపరేషన్ చేయాల్సిందే అన్నారు డాక్టరమ్మ. హోసూరు అంగళ్ల మధ్య పెరిగినోణ్ణి, మొదటి మాటకే ఒప్పుకునే అలవాటు నాకు లేదు.

"ఇంకో ఏడాది మాత్రలతో చూద్దామమ్మా."

"మాత్రలతో ఇది పూడదప్పా. ఆలస్యమైతే ఊపిరితిత్తులు చెడతాయి."

పాపనెత్తుకుని లేచి గుమ్మం దాకా పోయినాను. అంగట్లో అయితే అప్పుడు వెనక్కి పిలుస్తారు. ఆమె తర్వాతి పేషెంటును పిలిచారు.

నా భార్య కుర్చీలోంచి కదల్లేదు. "అయిందా నీ బేరం? ఈడొచ్చి కూర్చో. ఎప్పుడు చేర్చాలో అడుగు."

వచ్చి కూర్చున్నాను, అడిగినాను.

ఇప్పుడు సూళగిరి సంతలో ధర నచ్చకపోతే పాపే నన్ను లాక్కుని పరుగెత్తుతుంది. అంగడాయన వెనక్కి పిలిచేలోగా ఆయాసపడేది నేనే.