కాక కట్టిన తడి ముడులు

మంగళవారం పొద్దున కాక భార్య చిన్నమ్మ ఫోన్ చేసింది. "మీ కాక పోయిండు బిడ్డా. తలల మళ్ల రక్తం గడ్డకట్టిందన్నరు." అని ఫోన్ పెట్టేసింది.

ఆయన నాకు చుట్టం కాదు. బెల్లంపల్లి అవతల మేం పనిచేసే నూలు రంగుల ఫ్యాక్టరీలో నీళ్ల మేస్త్రి. అందరికీ కాకే. మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేను. పనిలో చేరిన రోజు ఆయన రాయి కట్టిన తాడొకటి నా చేతికిచ్చాడు. "ఇగో డిగ్రీ బిడ్డా, అసలు పరీక్ష గిది."

ఫ్యాక్టరీలో ఒక పాత నీళ్ల బాయి ఉంది. మా బోర్లన్నీ దాని చుట్టే. గోడ అవతల ఊరివాళ్ల మంచినీళ్ల బోరు. కింద ఉన్నవి ఒకే నీళ్లు. తాడుకు గజానికొక ముడి. రాయి అడుగుకు తాకాక పైకి లాగి తడిసిన ముడులు లెక్కపెట్టాలి. ఐదుకు తగ్గితే ఒక మోటరు బంద్. కాక ప్రతి ముడినీ చెంపకు ఆనించి చూసేవాడు. "కండ్లు మోసం చేస్తయి, చెంప చెయ్యది."

కొలిచేది శనివారం సాయంత్రమే, వారమంతా మోటర్లు తోడాక. ఆదివారం ఫ్యాక్టరీకి సెలవు, ఆయనకు చర్చి. "ఒకరోజు ఆరాం చేసిన బాయి సోమవారం అబద్ధం చెప్తది" అంటే నేను నవ్వేదాన్ని.

పోయిన ఎండాకాలం మేనకోడలి పెళ్లికి చెన్నూరు పోతూ తాడు నాకప్పగించాడు. ఆ శనివారం బస్సు దొరకదని కొలవకుండా ఇంటికి పోయాను. సోమవారం పొద్దున కొలిచి, తొమ్మిది ముడులని బోర్డు మీద శనివారం గడిలో రాశాను. ఒక్కరోజు ఊరినంత మాత్రాన లెక్క ఎంత మారుతుందిలే అనుకున్నాను. ఫ్యాక్టరీ నడిపే పెద్దసారు బోర్డు చూసి మోటర్లన్నీ రెండు షిఫ్టులూ నడపమన్నాడు.

శుక్రవారం ఊరి బోరులో బురద వచ్చింది. మధ్యాహ్నానికి ఊరు మా మీదికి వచ్చింది. గేటు గొలుసు గొడ్డలితో తెంచారు. పెద్దసారు బండికి నిప్పు పెట్టారు. వాచ్‌మన్‌ను జుట్టు పట్టి ఈడ్చి కర్రలతో కొడితే పళ్లు సిమెంటు మీద రాలాయి. ముందు నిలబడ్డ ఒకామె చేతిలో ఖాళీ ఇత్తడి బిందె.

"మా పోరలకు బురద తాపిస్తిరి గదరా! నీళ్లు గొలిచే దొంగ ఎవడు?"

తలుపు వెనక నేను చెప్పబోయి నోరు తెరిచాను. ఆ పొద్దునే పెళ్లి నుంచి తిరిగొచ్చి, అప్పటికే బాయిలోకి తొంగి చూసిన కాక నా మొహం చూశాడు. చేత్తో నన్ను వెనక్కి నెట్టి బయటికి నడిచాడు.

"నేనే తల్లీ. తప్పు నాదే. మోటర్లు బంద్ చేసిన. మనుషులను కొట్టకుండ్రి."

బిందె అంచు ఆయన కణతలో దిగింది. పడ్డాక తన్నినవాళ్లూ ఉన్నారు. ఆటోలో ఆయన తల నా ఒళ్లో పెట్టుకుని చున్నీ అదిమి పట్టాను. చున్నీ తడిసి, నెత్తురు నా వేళ్ల సందుల్లోంచి కారింది.

తర్వాత అన్నీ మంచం మీది నెలలే. మాట తడబడేది. "పెద్దసారుకు చెప్పేస్త కాకా" అన్నానొకరోజు. "సార్‌కు తర్వాత. ఎవల నీళ్లు పోయినయో ముందుగాల వాళ్లకు చెప్పు" అన్నాడు. రెండుసార్లు ఊరి దాకా పోయి, భయపడి తిరిగొచ్చాను. ఆయన ఎవరికీ చెప్పలేదు. నన్ను అడగనూ లేదు.

చర్చి వెనక కాక సమాధిలో మట్టి పోస్తుంటే, బిందెతో కొట్టిన ఆమె వచ్చి దూరంగా నిలబడింది. దగ్గరికి పోయి చెప్పాను. "శనివారం కొలవాల్సింది నేను. బోర్డు మీద అబద్ధం రాసింది నేను."

చెంప పగిలేలా కొట్టింది. పెదవి చిట్లి నోరంతా ఉప్పగా అయింది. మళ్లీ ఎత్తిన చేయి గాల్లోనే ఆగింది.

"గా పెద్దమనిషిని నాతోని కొట్టించినవు గదే!" అక్కడే కూలబడి ఏడ్చింది. పోతూ పోతూ అన్నది: "శనివారం వస్త. నా ముందట కొలువు."

మర్నాడు పెద్దసారుకూ చెప్పాను. నా ఉద్యోగం సంగతి ఇంకా తేల్చలేదు.

శనివారం సాయంత్రం ఆమె వచ్చింది. పళ్లు పోయిన వాచ్‌మన్ గేటు తీశాడు. ఇద్దరం తాడు లాగాం. తడి ముడులు నాలుగే. ఒక మోటరు బంద్ చేసి వచ్చేసరికి ఆమె ఇంకా బాయి దగ్గరే ఉంది. కాక ముడులను ఎలా చూసేవాడో చెప్పాను. ఆమె నాలుగో ముడిని చెంపకు ఆనించుకుని, కళ్లు మూసుకుని అలాగే నిలబడింది. తాడు కొనకు రాయి మెల్లగా తిరుగుతుంటే, నీళ్లు మా ఇద్దరి కాళ్ల మీద కారుతున్నాయి.