టేపు కింద గుర్తు

ఏ వైరును ముట్టుకునే ముందైనా ఆమె వోల్టులు కొలిచే తన మీటరు మొనలు రెండింటినీ ఒకదానికొకటి తాకిస్తుంది. మీటరు కుయ్యిమంటుంది. అప్పుడే దాన్ని నమ్ముతుంది. కంప్యూటర్లు బాగుచేసే ఆ చిన్న కొట్లో అందరికీ ఆమె మీటరక్క.

ఆ సాయంత్రం చెల్లెలు తన కంప్యూటరు పెట్టెను చంకనేసుకుని మళ్లీ వచ్చింది. చెల్లెలు ఇంట్లోనే కూర్చుని ఒక ప్రచురణ సంస్థకు పుస్తకాలు టైపు చేస్తుంది. పని మధ్యలో పెట్టె ఆరిపోతోంది. మర్నాడు మధ్యాహ్నానికి పేజీలు అందకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు.

"మళ్లీ తెచ్చాను. నువ్వేమో అన్నీ బాగున్నాయంటావు."

"బాగున్నాయి కాబట్టే అన్నాను."

"తెర మీద చూడక్కా. పన్నెండు వోల్టులుండాల్సిన చోట పదకొండు చిల్లర చూపిస్తోంది."

"అది బోర్డు చెప్పే చెప్పుడు మాట. నేను వైరు దగ్గరే కొలుస్తా." మొనలు తాకించింది. కుయ్యిమంది. నడుస్తున్న పెట్టెలో వైరుకు ఆనించింది. పన్నెండు పైనే. "ఇదిగో. పెట్టెకు కరెంటిచ్చే పవర్ సప్లై గుండ్రాయిలా ఉంది."

"నీ మీటరుకున్న విలువ నా మాటకు లేదు. ఎప్పుడూ ఇంతే."

పెట్టెను అక్కడే వదిలి చెల్లెలు వెళ్లిపోయింది.

మీటరక్క మెమరీ మార్చి చూసింది. ఫ్యాను దుమ్ము దులిపింది. పెట్టె మళ్లీ ఆరిపోయింది. నడుం లాగేస్తోంది. తలెత్తితే గోడ గడియారం ఆగి ఉంది. సొరుగులోంచి కొత్త సెల్లు తీసి, అలవాటుగా మీటరు పెట్టింది. ఒకటి ముప్పావు. కొత్త సెల్లయినా ఒకటిన్నర మీద రవంతే ఉండాలి. ఇంకోటి పెట్టింది. అదే. మరోటి. అదే.

అన్ని సెల్లులూ కూడబలుక్కుని అబద్ధమాడవు.

మీటరు అద్దం మూల పగిలితే కిందటేడు నల్ల టేపు అంటించింది తనే. గోటితో గీకి లాగింది. టేపు కింద, మీటరు లోపలి బ్యాటరీ అయిపోవచ్చిందని చెప్పే గుర్తు కనిపించింది. బ్యాటరీ నీరసిస్తే ఇలాంటి మీటరు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఆ సంగతి ఆమె ఎంతమందికి చెప్పిందో. కుయ్యిమనడానికి మాత్రం ఆ కొస ప్రాణం చాలు.

బ్యాటరీ మార్చి వైరును మళ్లీ కొలిచింది. పదకొండు చిల్లర. తెర చెప్పిందే. చెల్లెలు చెప్పిందే.

మరలు విప్పి పాత పవర్ సప్లై ఊడదీసింది.

మర్నాడు పొద్దున్నే కొట్టు తెరవలేదు. కొత్త పవర్ సప్లై బిగించిన పెట్టెను చెల్లెలింటికి మోసుకెళ్లింది.

"మీటరు తప్పు చూపించిందే."

"తప్పు మీటరుదా, నీదా?"

"టేపు నేనే అంటించాను."

చెల్లెలు నవ్వలేదు. కుర్చీ లాక్కుని టైపు మొదలుపెట్టింది. పేజీలు కదులుతున్నాయి. పెట్టె ఆరలేదు. అక్క మొనలు తాకించింది, సంచీలోని కొత్త సెల్లుకు ఆనించి చూసింది, ఆ తర్వాతే వైరుకు పెట్టింది.

"తెర మీద ఎంతుంది?" అని అడిగింది.

చెల్లెలు చెప్పేదాకా మీటరు వంక చూడలేదు.